రాయి లేని చేను

17-11-1947, సోమవారం. సూర్యాపేట.

ఈ నోటుబుక్కు మిషన్ బడి సత్యానందం పంతులు ఇచ్చింది. నా మాటలు వినేవాళ్లకు వేరే పనులుంటాయట, కొన్ని దీనికి చెప్పుకోమన్నాడు. మూడు నెలలుగా మేకుల డబ్బా కింద పడి ఉంది. ఇవాళ బయటికి తీశాను. ఇవాళ చెప్పిన కథ బాగా కుదిరింది, మరిచిపోతానేమోనని.

మధ్యాహ్నం దొరసాని మోటారు వచ్చింది. దొర పేరు రాయను. రాయకున్నా నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియనక్కర లేదు. ఆ మోటారుకు ఇంజను విలాయతిది, ఒళ్లు నేను కట్టింది. యుద్ధం రోజుల్లో ఆరు నెలలు కూర్చుని, టేకుతో కట్టాను. తలుపులకు అద్దాలు, అద్దాలకు లోపల తెరలు. ఎడమ తలుపు అద్దం పగిలింది. నడుమ నిమ్మకాయంత బొక్క, చుట్టూ గీతలు.

డ్రైవర్ సైదయ్య చెప్పింది ఇది: మిర్యాలగూడ నుంచి వస్తూ నేరేడుచర్ల దాటాక టప్పున చప్పుడైంది. దొరసాని ఒళ్లో పెంకులు పడ్డాయి, ఆమె కేక వేసింది. ఏం తగిలిందో తెలియదు.

నేను బల్ల మీంచి లేవలేదు. కూర్చున్న చోటు నుంచే చెప్పాను, వడిసెల రాయి అని.

ఆ ఒక్క మాటకు చాయ్ హోటల్లో వాళ్లంతా లేచి వచ్చారు. ఇక నేను ఆగుతానా. వడిసెల ఎట్లా పేనుతారో, జనపనార తాడు నడుమ రాయి కూర్చునే గూడు ఎట్లా అల్లుతారో, ఒక కొస వేలికి తగిలించుకుని రెండో కొస ఎప్పుడు వదలాలో, అంతా చెప్పాను. చిన్నప్పుడు ఉరుకుతున్న కుందేలును చెవి మీద కొట్టిన సంగతీ చెప్పాను. ఈసారి రెండు కుందేళ్లయ్యాయి. ఎవరూ లెక్క అడగలేదు.

సైదయ్యకే ఒక అనుమానం వచ్చింది. "రాయైతే మోటారు లోపట దొరకాలె గద తాతా?"

"వడిసెల రాయి గిర్రున తిరుగుకుంట వస్తది బిడ్డా. అద్దాన్ని తాకి, అదే తిరుగుడుతోని ఎనుకకు పోతది."

ఇది నేను కావాలని కల్పించలేదు. చెబుతూ ఉంటే నాకే నిజమనిపించింది.

దొరసాని సత్రంలో కూర్చుని తొందర పెడుతున్నదట. అందుకని అద్దం చుట్టూ కొట్టిన కట్టె బద్దలు విప్పలేదు. బొక్క మీద అట్ట అంటించి, దారంతో కొలత తీసుకుని పంపేశాను. అద్దం దొరికాక మిర్యాలగూడకు వచ్చి బిగిస్తానన్నాను.

నా చదువు సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు కనుక ఇక్కడ రాస్తాను. నేను ఏ బడికీ పోలేదు. మేకులు బెజవాడ నుంచి కాగితాల్లో చుట్టి వచ్చేవి. ఆ కాగితాల మీదే అక్షరాలు నేర్చుకున్నాను. ఏ కాగితం మీదా కథ మొత్తం ఉండదు. మొదలుండదు, లేకుంటే చివర ఉండదు. మిగిలింది నేనే కట్టుకునేవాణ్ణి. అట్లా నలభై ఏండ్లు కట్టాను.

18-11

సూర్యాపేట మొత్తంలో అద్దం లేదు. సరిహద్దు అవతలి నుంచి, బెజవాడ దిక్కు నుంచి, సరుకు రానియ్యడం లేదు. ఫొటోలు కట్టే అతని దగ్గర ఉన్నవి అరచేయంత ముక్కలు.

20-11, గురువారం. కోదాడ.

బొగ్గుతో నడిచే బస్సులో వచ్చాను. ప్రతి మిట్ట దగ్గరా అందరం దిగడం, అది ఎక్కాక మళ్లీ ఎక్కడం. అరవై నాలుగేండ్ల వాణ్ణి, సగం దూరం నడిచాననే చెప్పాలి.

కోదాడలోనూ అద్దం లేదు. ఒకప్పుడు బెజవాడలో వాన కురిస్తే ఇక్కడ గొడుగులు అమ్మేవారు, ఇప్పుడు సబ్బుబిళ్ల రావాలన్నా గగనమే. చివరికి మంగలి కోటయ్య దుకాణంలో గోడ అద్దం కనబడింది. మూల కొంచెం మసకబారింది కానీ మంచి మందం. కొలతకు రెండు వేళ్లు ఎక్కువే. వెనక పూత గోకేస్తే మోటారుకు సరిపోతుంది. కోటయ్యది సరిహద్దు అవతలి యాస కలిసిన మాట. "నన్ను గుడ్డోణ్ణి చేసి పోతావేంటి బుచ్చయ్యా, నా గిరాకీలు మొహం ఎక్కడ చూసుకోవాలి?" అన్నాడు. అతని కుర్చీకి కాలు ఊగుతున్నది. కుర్చీ బాగు చేసిస్తానన్నాను, ఒప్పుకున్నాడు.

కుర్చీ కాలు బిగిస్తుండగా తెలిసింది. దొరసాని మోటారు మీద రాయి వేసినవాణ్ణి పట్టుకున్నారట. క్షవరానికి వచ్చిన బండివాడు చెప్పాడు. పాలకీడు దిక్కు మనిషి, కాటయ్య. రోడ్డు పక్కన జొన్నచేనుకు కావలి. మంచె మీద వడిసెలతో సహా దొరికాడట. దొర మనుషులు మిర్యాలగూడ బంగళాకు తీసుకుపోయి పశువుల కొట్టంలో పెట్టారట. సూర్యాపేటలో ఒక వడ్లాయన, వడ్రంగి, చూడగానే వడిసెల రాయి అని చెప్పాడట, లేకుంటే దొరకు అంతుచిక్కేది కాదట.

ఆ వడ్లాయన నేనని చెప్పలేదు. కుర్చీ కాలు గట్టిగా కుదిరింది.

21-11

వడిసెల రాయే. ఇంకేమై ఉంటుంది.

22-11

వడిసెల రాయే. సైదయ్య కూడా అదే అన్నాడు.

23-11, ఆదివారం. సూర్యాపేట.

పొద్దున్నుంచి పూత గోకాను. వెనక ఎర్ర రంగు, దాని కింద వెండి. సబ్బునీళ్లు పెట్టి చాకు వీపుతో రుద్దాలి, తొందరపడితే గీతలు పడతాయి. అద్దంలో ముందు నా చెవి పోయింది, తరువాత గడ్డం, ఆ తరువాత ఒక కన్ను. కాసేపు ఒంటికన్నుతో నన్ను నేనే చూసుకున్నాను. సాయంత్రానికి గోడకున్న మేకులు కనబడ్డాయి.

సత్తమ్మ అటు పోతూ, అంతసేపు ఏం చూస్తున్నావని అడిగింది. నా భార్యకు నేను చూసేవన్నీ అనుమానమే.

24-11, సోమవారం.

ఒక ఆడమనిషి వచ్చింది. పాదాలు మోకాళ్ల దాకా దుమ్ము. రెండు రోజులు నడిచిందట. పేరు గోపమ్మ, కాటయ్య భార్య.

నన్ను తిట్టడానికి వచ్చిందనుకున్నాను. కాదు. దుకాణం గడప దగ్గర కూర్చుని, చేతులు జోడించి అడిగింది. "నువు సూస్తే ఎరుక పడతదట గద తాతా. మావోని వడిసెలో, ఇంకోని వడిసెలో గది గూడ సూసి చెప్పు."

ఆ పగిలిన అద్దం నా దగ్గర లేదని చెప్పాను, మోటారుకే ఉందని. నిజమే.

"మాది నల్లరేగడి చేను. ఏలంత రాయి దొరకది. మట్టుండలు జేసి ఎండబెట్టి ఏస్తం పిట్టలకు. మట్టుండ తాకితే అద్దం మీద మట్టి ఉంటది గద? నువు సూసినవ్ గద, మట్టి ఉన్నదా?"

చూడలేదు. నేను బల్ల మీంచి లేవలేదు. అదే రాశాను కూడా, వెనక్కి తిప్పి చూసుకున్నాను.

గురువారం అద్దం బిగించడానికి పోతాను, అప్పుడు చూసి దొరకు చెబుతానన్నాను. సత్తమ్మ ఆమెకు జొన్న గటక పెట్టింది. తిని, కొంగుకు చేయి తుడుచుకుని, నా పాదాలు తాకి పోయింది. చేనుకు ఎవరూ లేరట, జొన్న పాలు పోసుకుంటున్నదట, పిట్టలు పడతాయట.

వడిసెల గురించి అంత వివరంగా చెప్పాల్సింది కాదేమో. కానీ అడిగితే చెప్పకుండా ఎట్లా.

ఎవరూ అడగలేదు.

25-11

ఏమీ లేదు.

27-11, గురువారం. మిర్యాలగూడ.

అద్దం బిగించాను. కంబళి పట్టీ చుట్టూ వేశాను, నాలుగు మూలలా వదులు ఉంచాను, తలుపు పదిసార్లు కొట్టి చూశాను. నా చేతి పని ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

పాత అద్దం విప్పినప్పుడు ప్రత్యేకంగా ఏమీ కనబడలేదు. దొర బయటికి రాలేదు. ఏమీ అడగలేదు. మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను.

28-11, శుక్రవారం. సూర్యాపేట.

నిన్న రాసింది అబద్ధం.

ఈ బుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అబద్ధం రాశాను. ఇది ఎవరికి చెప్పిన కథో నాకే తెలియడం లేదు. మళ్లీ రాస్తాను.

తలుపుకు అద్దం బిగించడంలో ఒకటే మెళకువ: గట్టిదేదీ అద్దానికి తగలకూడదు. చుట్టూ కంబళి పట్టీ వేయాలి, దాని మీద కట్టె బద్ద, బద్దకు సన్న మేకులు. మేకు వాలుగా కొట్టాలి, మొన అద్దానికి దూరంగా పోవాలి. కట్టె వానకు ఉబ్బుతుంది, ఎండకు చిక్కుతుంది. నడుమ కంబళి ఆ రెంటినీ ఓర్చుకుంటుంది. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో.

నిన్న బద్ద విప్పాను. ఎక్కడా మట్టి లేదు. గీతలన్నీ నడుమ బొక్క నుంచి మొదలు కాలేదు. కింది మూల నుంచి మొదలై విసనకర్రలాగా పైకి పోయాయి. వాటిలో రెండు నడుమ కలిసిన చోట ముక్క ఊడి పడింది. బొక్క అది. ఆ కింది మూల అద్దం అంచు గోటి ముక్కంత ఎగిరిపోయింది. ఆ గాటులో మేకు మొన కూర్చుని ఉంది.

నా మేకే. యుద్ధం రోజుల్లో సన్న మేకులు దొరకలేదు. చివరి మూలకు వచ్చేసరికి అయిపోయాయి. దొర మనిషి బయట నిలబడి మోటారు అడుగుతున్నాడు. పొడుగు మేకు తీసుకున్నాను. అది అద్దాన్ని రాసుకున్న చప్పుడు విన్నాను. కిర్రుమంది. ఒక్క మేకే గదా అనుకున్నాను. నాలుగేండ్లు ఆగింది. నేరేడుచర్ల దాటాక ఏ గుంతలోనో తలుపు అదిరింది, పగిలింది. ఎవడూ రాయి వేయలేదు.

మేకు పీకి జేబులో వేసుకున్నాను. ఆ మూల అద్దం ముక్కను చేతిరుమాలులో చుట్టుకున్నాను. ఎందుకు తీసుకున్నానో చెప్పలేను. దాచడానికా, చూపించడానికా.

కొత్త అద్దం బిగించాక దొర వచ్చాడు. చేత్తో తట్టి చూశాడు. మెచ్చుకున్నాడు.

తరువాత అడిగాడు. "వడిసెల రాయే గద బుచ్చయ్యా?"

కాదు అనే మాట ఎక్కడికీ పోలేదు, నా నోట్లోనే ఉంది. కొట్టం అక్కడికి ఇరవై అడుగుల దూరం, తడికె తలుపు. లోపల మనిషి దగ్గడం వినబడింది.

"అవును దొరా" అన్నాను.

29-11, శనివారం.

సత్తమ్మ అంగీ ఉతకబోయి జేబులో మేకు, ముక్క చూసింది. వేలు తెగింది. అంతా చెప్పేశాను. నేను చెబుతుంటే ఆమె మధ్యలో అడ్డుపడకపోవడం ఇదే మొదటిసారి.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"నలభై ఏండ్ల సంది నీ కథలు ఇంటున్న" అన్నది. "ఊరోళ్లకంటె ముందు నాకే చెప్తుంటివి. గిదొక్కటి ఎందుకు చెప్పలే?"

తెగిన వేలుకు గుడ్డ కట్టుకుని వంట చేసింది. అన్నం పెట్టి, రేపు పొద్దున బస్సు ఉందన్నది.

30-11, ఆదివారం. మిర్యాలగూడ.

ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

దొర అరుగు మీద ఉన్నాడు. మేకును, అద్దం ముక్కను ఆయన ముందు పెట్టాను. మేకు మొనను గాటులో పెట్టి చూపించాను. తాళంచెవి తాళంలో కూర్చున్నట్టు కూర్చుంది. తప్పు నా చేతిదని, ఆ మనిషిది కాదని, ఆ చేలో రాళ్లే ఉండవని చెప్పాను. చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. ఇంత చిన్న కథ నేనెప్పుడూ చెప్పలేదు.

దొర మేకును వేళ్ల నడుమ తిప్పాడు.

"గురువారం అవునన్నవ్."

"అబద్ధం చెప్పిన దొరా."

"దొరసాని మీద రాయి పడ్డదని కోదాడ దాక తెలిసింది. పైవాళ్లకు గూడ కబురు పోయింది. ఇప్పుడు మేకు గుచ్చుకున్నదని నేను చెప్పుకోవాల్నా?"

అతని బదులు నన్ను కట్టెయ్యమన్నాను. దొర నా చేతుల దిక్కు చూశాడు. కోపంగా కాదు, ఎద్దు పళ్లు చూసినట్టు చూశాడు.

"నీ చేతులు నాకు పనికొస్తయ్" అన్నాడు. "వాణ్ణి తోల్కపో. మేకు గీడనే ఉంటది."

చేతిలోని మేకును కొబ్బరితోటలోకి విసిరేశాడు. అద్దం ముక్కను కాలితో తోశాడు. అంటే లోకానికి రాయి రాయిగానే ఉంటుంది.

కాటయ్యను బయటికి తెచ్చారు. ముప్పయి ఏండ్లుంటాయేమో. కుడిచేయి గోనెగుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ నల్లబడి అట్ట కట్టింది. గేటు దగ్గర సైదయ్య నన్ను పక్కకు పిలిచాడు. చెప్పకుంటే బాగుండేది. చెప్పకుంటే నేను ఏదో ఒకటి కట్టుకునేవాణ్ణి.

"అప్పటిదాక ఉత్తగనే కూసోబెట్టిర్రు తాతా. తాళ్లు గూడ ఇప్పిర్రు. గురువారం నువు అవునని పోయినంక, పొద్దుగూకంగ, గానుగ రోలు మీద చెయ్యి పెట్టించి..."

నలగ్గొట్టిన వేళ్లు ఏవో తన చేతి మీద చూపించాడు. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు. వడిసెల పట్టే వేళ్లు.

1-12, సోమవారం. దారిలో.

ఎడ్లబండి మాట్లాడాను. కాటయ్య గడ్డి మీద పడుకున్నాడు. మిర్యాలగూడ దవాఖానలో కట్టు మార్చారు. వేళ్లు ఉంటాయి కానీ వంగవన్నారు.

నేరేడుచర్ల దాటాం. తరువాత చెప్పాను. మేకు, చాయ్ హోటల్, కుందేళ్లు, గురువారం, అంతా. బండివాడు కూడా విన్నాడు. కాటయ్య ఆకాశం దిక్కు చూస్తూ పడుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

తల తిప్పకుండానే అడిగాడు. "చేన్ల పిట్టలు పడ్డయా?"

తెలియదన్నాను. అది ఒక్కటి నిజం చెప్పడం తేలికైంది.

3-12, బుధవారం. పాలకీడు దిక్కు.

గోపమ్మ తిట్టలేదు. తిడితే రాసుకోవడానికి ఒక మాట ఉండేది. మొగుడి చేయి చూసింది, నా దిక్కు చూసింది, నీళ్లు కాచడానికి పోయింది.

ఆమె ఒక్కతే ఇన్నాళ్లూ డబ్బా కొట్టుకుంటూ చేను చుట్టూ తిరిగిందట. గొంతు పోయింది. చేనులో మూడోవంతు కంకులు గింజ లేని ఉత్త బెండ్లలాగా నిలబడ్డాయి. మిగిలిందానికి ఇంకో మూడు వారాలు కావలి కావాలి. వాళ్లకు ఏడాది తిండి ఆ చేనే.

కోతలయ్యేదాకా మంచె మీద నేనుంటానన్నాను. వచ్చిన రోజే సత్తమ్మకు కబురు పంపాను. ఇవాళ ఆమె సైదయ్య చేతికి కంబళి ఇచ్చి పంపింది. కంబళిలో నేను ఇంట్లో మరిచిన ఈ బుక్కు పెట్టింది, ఆదివారం నుంచి జరిగినవన్నీ తేదీలు వేసి ఇవాళే రాశాను. ఆమెకు చదవడం రాదు. అయినా పెట్టింది.

5-12

వడిసెల పట్టి యాభై ఏండ్లయింది. తాడు రెండుసార్లు నా చెవికే తగిలింది. కుందేలును నేను ఎన్నడూ కొట్టలేదు. ఒక్కదాన్నీ.

7-12, ఆదివారం.

మంచె మీంచి రాస్తున్నాను. పొద్దు నడినెత్తి మీద ఉంది.

నా పక్కన మట్టుండల కుప్ప. కాటయ్య అప్పుడు చేసి ఎండబెట్టుకున్నవే. పొద్దున కుప్పంతా విప్పి చూశాను. ఒక్క రాయి లేదు. కిందికి దిగి గోపమ్మ వెనకే చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. ఒక్క రాయి లేదు. నల్లరేగడి, ఎండకు నోళ్లు తెరిచిన నేల. ఆమె ముందే చెప్పింది.

మళ్లీ మంచె ఎక్కి రోడ్డు దిక్కు చూశాను. అది రెండు కూతవేట్ల అవతల ఉంది. నడుమ చేను, చేను తరువాత బీడు, ఆ తరువాత తుమ్మలు, అవతల రోడ్డు. ఒక బస్సు పోతుంటే అగ్గిపెట్టె కదిలినట్టు కదిలింది. ఆ రోజు ఎవరైనా వచ్చి ఇక్కడ ఒక్కసారి నిలబడితే చాలు. దొర మనుషులు నిలబడ్డారు, చూశారు. వాళ్లకు వడ్లాయన మాట చాలు.

అయినా వేశాను. నలభై ఉండలు వేశాను రోడ్డు దిక్కు. భుజం విరిగిపోతుందేమో అనిపించింది. ఒకటి చేను గట్టు దగ్గర పడింది. ఎక్కువ శాతం కంకుల్లోనే పడ్డాయి. బీడు దాకా కూడా ఒక్కటీ పోలేదు. ముసలివాడినని అనుకుని, కింద కూర్చున్న కాటయ్యను అడిగాను. చేయి బాగున్ననాడు నీది ఎక్కడి దాకా పోయేదని. ఎడమచేత్తో గట్టు అవతలి తంగేడు పొద చూపించాడు. బీడులో సగం కూడా లేదు.

ఇంకో ఉండ గూట్లో పెట్టుకుని మళ్లీ రోడ్డు దిక్కే తిరిగాను. ఎందుకో తెలియదు. ఒక్కటన్నా అందుతుందేమోనని. అందితే నేను చెప్పిన దాంట్లో పిసరంతైనా నిజం ఉన్నట్టవుతుందని.

కాటయ్య తల ఎత్తి చూశాడు. బండిలో ఆ మాట తరువాత అతను నాతో మాట్లాడటం ఇదే.

"రోడ్డు దిక్కు కాదు తాతా, గిటు ఎయ్యి" అన్నాడు. "పిట్టలు గీడున్నయ్."

ఇటు తిరిగి వేశాను. ఉండ గాలిలోనే పగిలి మట్టి రాలింది. పిట్టలు లేచాయి. కాసేపు తిరిగి మళ్లీ వాలాయి.

ఇంకోటి తీసుకున్నాను.